తలుపు మూయని ఇల్లు: వేల్స్ కొండల్లో ఒక కాపరి కవి, ఆయన చుట్టూ ఉన్న ఊళ్ళు

నమస్కారం అండీ. ముందు ఈ కుర్చీని చూడండి. తొందరేం లేదు, కాసేపు అలాగే చూడండి. వీపు మీద, చేతుల మీద, ఎక్కడా జానెడు చోటు ఖాళీగా వదల్లేదు చెక్కినవాడు. ఒకదాంట్లోంచి ఒకటి మెలికలు తిరుగుతూ పోయే కెల్టిక్ అల్లికలు, మొదలెక్కడో చివరెక్కడో తెలియదు. చెక్కిన మనిషి పేరు యూజీన్ వాన్‌ఫ్లెటరెన్. మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియం నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని ఇంగ్లండ్ వచ్చిన శరణార్థి. ఈ కుర్చీని బహుమానంగా గెలిచి ఇందులో కూర్చోవలసిన కాపరి కవి హేద్ విన్ ఏమో వేల్స్ నుంచి వెళ్ళి, అదే బెల్జియం మట్టిలో పడిపోయాడు. కుర్చీ తయారైంది ఇంగ్లండ్‌లో. ఇప్పుడున్నది వేల్స్‌లో, గొర్రెలు కాసుకునే ఒక రైతు ఇంట్లో.

ఆ ఇంటి పేరు అర్ అస్గూర్న్. ఉత్తర వేల్స్‌లో, గ్వినెద్ కౌంటీలో, ట్రౌస్‌వనిద్ అనే ఊరికి మైలు పైచిలుకు దూరంలో ఉంటుంది. వెల్ష్ పేర్లు తెలుగు లిపిలో రాస్తే కాస్త అటూ ఇటూ అవుతాయి, సర్దుకోండి. ఊరివాళ్ళే దాన్ని పొట్టిగా ట్రౌస్ అనేస్తారు, మనమూ అలాగే అందాం. ఇదంతా ఎరరి నేషనల్ పార్కు లోపలి సంగతి. ఎరరి అంటే మీరెరిగిన స్నోడోనియానే. 2022 నుంచి పార్కువాళ్ళు వెల్ష్ పేరుతోనే పిలుస్తున్నారు.

లివర్‌పూల్, మాంచెస్టర్, చెస్టర్ వైపు ఉండే మన తెలుగువాళ్ళకి స్నోడోనియా ట్రిప్ అంటే ఒక లెక్క ఉంది. పొద్దున్నే పులిహోర డబ్బాలో పెట్టుకోవడం, కొండెక్కడం లేదా రైలెక్కడం, బెట్‌సీకోయెడ్ ఊళ్ళో ఫోటోలు, చీకటి పడేలోపు ఇంటికి. తప్పేం లేదు, కొండ గొప్పదే. కానీ అక్కడి నుంచి ఇంకాస్త దక్షిణంగా వస్తే, ఏ-470 రోడ్డు మీద, జనం పెద్దగా ఆగని ఈ మిట్ట ప్రదేశం వస్తుంది. నన్నడిగితే వేల్స్ గురించి తెలుసుకోవలసిందంతా ఈ చుట్టుపక్కల పదిమైళ్ళలోనే ఉంది.

సరే, ఇంటికి వద్దాం. రాతి గోడలు, పలకరాయి కప్పు, చిన్న చిన్న కిటికీలు. పెద్ద ఇల్లేం కాదు. ఒక భార్యాభర్తా, పదకొండు మంది పిల్లలూ ఇందులో ఎలా సర్దుకున్నారా అనిపిస్తుంది. పొలం 168 ఎకరాలు. ఆ అంకె వినగానే మనవాళ్ళకి జమీందారు అనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఆగండి. ఇది గోదావరి ఒండ్రు కాదు. రాయి, తుంగ, నీరు ఇంకని జౌకు నేల, ఏడాదిలో ముప్పాతిక భాగం వాన. గొర్రెలు తప్ప ఇంకేమీ పెద్దగా బాగుపడని భూమి. 168 ఎకరాలున్నా రెక్కాడితేనే డొక్కాడే సంసారం.

ఈ ఇంట్లో పెద్దకొడుకు ఎల్లిస్ హంఫ్రీ ఎవాన్స్. 1887 జనవరి 13న పుట్టాడు. పుట్టింది అమ్మమ్మగారింట్లో, ఊళ్ళోనే. కొన్ని నెలల పసివాడుగా ఉన్నప్పుడు ఈ ఇంటికి తెచ్చారు. పద్నాలుగేళ్ళకి బడి మానేశాడు. గొర్రెల వెంట కొండల మీద తిరగడమే పని. మధ్యలో ఒకసారి దక్షిణ వేల్స్ బొగ్గు గనుల్లో పని చేద్దామని వెళ్ళి, కొద్ది నెలల్లోనే తిరిగొచ్చేశాడు. రైతుగా ఏమంత పనిమంతుడు కాదని ఊళ్ళో చెప్పుకునేవారు. గొర్రెలు ఒకవైపు, ఈయన ధ్యాస ఒకవైపు. ఆ ధ్యాసంతా పద్యం మీద. 1910లో బ్రివ్‌దిర్ అనే పెద్దకవి ఈయనకి కవినామం పెట్టాడు: హేద్ విన్. ఇప్పుడు వేల్స్‌లో అసలు పేరు చెబితే ఒక క్షణం ఆలోచిస్తారు, హేద్ విన్ అంటే బడిపిల్లలు కూడా చెబుతారు.

ఇక్కడ పద్యం గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఎందుకంటే ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళకి ఎంత విడమరిచి చెప్పినా ఎక్కని విషయం, మనకి రెండు నిమిషాల్లో ఎక్కుతుంది. మనకి ఉత్పలమాలలో పాదం మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ యతి కుదరాలి, అన్ని పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాసగా నిలవాలి. గణాలు సరేసరి. వెల్ష్ ఛందస్సులో కంగ్‌హానెద్ అని ఒక కట్టుబాటు ఉంది. అందులో ఒక రకం ఎలా ఉంటుందంటే, పాదాన్ని రెండు ముక్కలు చేస్తారు. మొదటి ముక్కలో హల్లులు ఏ వరసలో వచ్చాయో, రెండో ముక్కలో సరిగ్గా అదే వరసలో రావాలి. అచ్చులు మారొచ్చు. ఇది ఒక రకం, ఇలాంటివి మొత్తం నాలుగు. దీని మీద అంత్యప్రాసలు, అక్షరాల లెక్కలు. ఇదంతా సాధించి, అర్థం చెడకుండా, రసం పోకుండా వందల పాదాలు రాయాలి. విశేషమేమిటంటే ఈ విద్య పండితుల ఇళ్ళలో మాత్రమే లేదు. పలకరాయి గనుల్లో కూలీలు, కాపరులు, కమ్మరులు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునేవారు. ఇప్పటికీ వెల్ష్ రేడియోలో ఊళ్ళ వారీగా కవుల జట్లు పోటీపడతాయి, జనం వింటారు.

ఈ కట్టుబాటు పద్యానికి పరీక్ష ఐస్తెద్‌వోద్. ఏటేటా జరిగే కవిత్వ, సంగీత సభ. ఊరి స్థాయిలో చిన్నవి, దేశ స్థాయిలో ఒకటి. కవులు మారుపేర్లతో రచనలు పంపుతారు. ఛందోబద్ధమైన దీర్ఘకావ్యంలో గెలిచినవాడికి బహుమానం డబ్బు సంచి కాదు, కుర్చీ. ప్రతి సభకీ కొత్తగా చేయిస్తారు. హేద్ విన్ మొదటి కుర్చీ 1907లో బాలా ఊరి సభలో గెలిచాడు, ఇరవయ్యేళ్ళప్పుడు. ఆ తర్వాత ఇంకొన్ని. ఈ చిన్న ఇంట్లో కుర్చీలకి చోటు ఎక్కడ దొరికిందో నాకు అర్థం కాదు. 1916లో జాతీయ సభకి పంపితే రెండో స్థానం వచ్చింది. కవి అన్నవాడికి రెండో స్థానం వస్తే ఏం చేస్తాడు? మరుసటి ఏడు మళ్ళీ రాయడానికి కూర్చుంటాడు.

ఆ మరుసటి ఏడు 1917.

1916 మొదట్లో బ్రిటన్‌లో నిర్బంధ సైనిక చట్టం వచ్చింది. పొలం పనికి కొంత మినహాయింపు ఉండేది గానీ, ఎదిగిన కొడుకులు ఒకరి కంటే ఎక్కువుంటే ఒకరు వెళ్ళక తప్పదు. వెళ్ళవలసినవాడు తమ్ముడు రాబర్ట్. వాడింకా కుర్రాడు. నేను వెళతానన్నాడు అన్న. ఈయనకి యుద్ధం మీద ఇష్టం లేదు, అది కవితల్లో స్పష్టంగా ఉంది. అయినా 1917 జనవరిలో రాయల్ వెల్ష్ ఫ్యూజిలియర్స్ అనే పటాలంలో చేరాడు. లివర్‌పూల్ పక్కనే లిదర్‌లాండ్‌లో శిక్షణ. వసంతంలో దుక్కి పనులకి మనుషులు చాలక, సైన్యమే రైతుల పిల్లల్ని కొన్నాళ్ళు ఇళ్ళకి పంపింది. ఈయనా వచ్చాడు. దుక్కి ఎంత దున్నాడో గానీ, జాతీయ సభకి కావ్యం మాత్రం ఈ ఇంట్లోనే రాశాడు. ఆ ఏడు సభవాళ్ళిచ్చిన అంశం 'వీరుడు'. తిరిగి వెళ్ళే హడావుడిలో రాతప్రతి ఇంట్లోనే మరిచిపోయి, దారిలో జ్ఞాపకం మీద మళ్ళీ రాశాడని చెబుతారు. మనకి ఆశ్చర్యం లేదు, ఛందస్సులో ఉన్నది కంఠతా ఉంటుంది. ఉత్తర ఫ్రాన్స్‌లో ఫ్లెషాన్ అనే పల్లెలో మకాం ఉన్నప్పుడు, జులైలో, దాన్ని పోస్టు చేశాడు. మారుపేరు ఫ్రెంచిలో పెట్టుకున్నాడు: ఫ్లూర్ ద లీ.

1917 జులై 31. చరిత్రలో పాశెండేల్ అని పిలిచే పోరు మొదటి రోజు. ఈప్ర పట్టణం దగ్గర పిల్కెమ్ గుట్ట. ఆ రోజే పోయాడు. ముప్పయ్యేళ్ళు. ఆర్టిలరీ వుడ్ అనే సైనిక శ్మశానంలో సమాధి. అదే శ్మశానంలో ఫ్రాన్సిస్ లెడ్విజ్ అనే ఐర్లండ్ కవి కూడా ఉన్నాడు. ఆయన పోయింది కూడా అదే రోజు.

ఇక సభ. సెప్టెంబర్ 6, లివర్‌పూల్‌కి నది అవతల ఉండే బర్కెన్‌హెడ్‌లో. వేదిక మీద ప్రధానమంత్రి లాయిడ్ జార్జ్ ఉన్నాడు. ఆయన వెల్ష్ మాతృభాషగా ఉన్న మనిషి, ఆ యుద్ధాన్ని నడుపుతున్నదీ ఆయనే. న్యాయనిర్ణేతలు ఏకమాటగా ఫ్లూర్ ద లీ గెలిచాడన్నారు. బాకాలు ఊదారు. సభాధిపతి, ప్రధాన కవి దవెద్, ఆ పేరుగలవారు లేచి నిలబడండి అని పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచాడు. మూడోసారీ పిలిచాడు. అప్పుడు ప్రకటించాడు, కవి యుద్ధంలో చనిపోయాడని. మామూలుగా అయితే గెలిచినవాడిని కుర్చీ దగ్గరకి తీసుకొచ్చి, తల మీద కత్తిని ఒరలోంచి సగం లాగి, శాంతి ఉందా అని ముమ్మారు అడుగుతారు. శాంతి ఉంది అని జనం అరిస్తే కత్తి ఒరలోకి పోతుంది. అది ఆ సంప్రదాయం. ఆ రోజు ఖాళీ కుర్చీ మీద నల్లబట్ట కప్పారు. అప్పటి నుంచి ఆ సభనే నల్లకుర్చీ సభ అంటున్నారు. ఆ తర్వాత కుర్చీ రైలెక్కి ట్రౌస్ స్టేషన్‌కి, అక్కణ్ణుంచి గుర్రబ్బండి మీద ఈ ఇంటికి వచ్చింది.

ఈ కథ వేల్స్‌లో ఎవరినడిగినా చెబుతారు. సినిమా కూడా వచ్చింది, 1992లో, అది ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. నాకు దీంట్లో ఒక చిన్న అసంతృప్తి. అందరూ ఈయన్ని యుద్ధకవి అంటారు. సైన్యంలో ఉన్నది ఏడు నెలలు కూడా లేదు, అందులో కొన్ని వారాలు ఇంట్లోనే ఉన్నాడు. రాసిందంతా ఎక్కువగా ఈ కొండల గురించి, ప్రేమ గురించి, దేవుడి గురించి. చావు ఎంత పెద్దదైనా, దాని నీడ బతుకంతటి మీదా పరచడం ఏం న్యాయం? ఆ సంగతి ఇంటివాళ్ళకి తెలిసినట్టే ఉంది. ఎలాగంటే, చెబుతాను.

కొడుకు పోయాక ఈ ఇంటికి జనం రావడం మొదలైంది. కవి పుట్టిపెరిగిన ఇల్లు చూద్దామని, కుర్చీని చూద్దామని. ముక్కూ ముఖం తెలియనివాళ్ళు. తల్లి మేరీ ఎవాన్స్ ఎవరినీ వెనక్కి పంపలేదు. ఇంట్లోవాళ్ళకి ఒకటే చెప్పింది, వచ్చినవాళ్ళకి తలుపు తెరిచే ఉంచాలని. టికెట్ లేదు, బోర్డు లేదు. తలుపు తడితే లోపలికి రమ్మనేవారు. ఆవిడ తర్వాత ఆ మాట నిలబెట్టింది మనవడు, హేద్ విన్ మేనల్లుడు జెరాల్డ్ విలియమ్స్. ఆయనకీ అవే గొర్రెలు, అదే పొలం. పని మధ్యలో వదిలేసి వచ్చి, చేతులు కడుక్కుని, అదే కథ కొన్ని వేలసార్లు చెప్పాడు. విసుగు రాలేదా అని మనకి అనిపిస్తుంది. ఇంట్లో పెద్దగా ఏదీ మార్చలేదు. సామాను అక్కడక్కడే, కుర్చీలు ముందుగదిలోనే.

2012లో ఈ ఇంటినీ పొలాన్నీ నేషనల్ పార్కువాళ్ళు కొన్నారు. మరమ్మతులు చేసి, 2017లో, అంటే కవి పోయిన నూరేళ్ళకి, తిరిగి తెరిచారు. పాత పశువుల కొట్టాన్ని ప్రదర్శనశాలగా మార్చారు. కుర్చీని కూడా బాగుచేయించారు. దానికి త్రీడీ ప్రింటింగ్‌తో ఒక నకలు కూడా చేశారు. జెరాల్డ్ గారు 2021లో పోయారు. మీరు వెళ్ళాలనుకుంటే ముందుగా తెరిచే రోజులు చూసుకుని వెళ్ళండి, ఇప్పుడు మ్యూజియం కాబట్టి ఏడాదంతా ఉండదు. ఇంట్లోకి వెళ్ళాక అందరూ నేరుగా కుర్చీ వైపే పోతారు. మీరు ముందు వంటగదిలో కాసేపు నిలబడండి. పదకొండు మంది పిల్లల ఇంట్లో వెచ్చగా ఉండేది ఆ ఒక్క గది.

ఇక బయటికి వద్దాం. గడప దాటితే ఎదురుగా రీనోగ్ కొండల వరస. వాన పడని రోజున ఉత్తరాన దూరంగా పెద్ద శిఖరాలూ కనిపిస్తాయి. వాన పడని రోజంటే... అదృష్టం ఉండాలి.

ట్రౌస్ ఊళ్ళోకి వెళితే వీధి మధ్యలో కవి విగ్రహం. 1923లో తల్లే ఆవిష్కరించింది. బ్రిటన్‌లో ఏ ఊరికెళ్ళినా మొదటి యుద్ధం స్మారకంలో తుపాకీ పట్టుకున్న సైనికుడుంటాడు. ఇక్కడ సైనికుడు లేడు. మామూలు పనిబట్టల్లో ఉన్న కాపరి. ఇందాక నేనన్నది ఇదే. ఆయన్ని ఎలా గుర్తుంచుకోవాలో నూరేళ్ళ కిందటే ఊరు తేల్చేసుకుంది.

ఈ ఊరిదే ఇంకో పేరు కూడా ఉంది, బయటివాళ్ళకి అంతగా తెలియదు. జాన్ రాబర్ట్స్, 1577 ప్రాంతంలో ఇక్కడ పుట్టాడు. కాథలిక్ మతగురువు కావడమే నేరమైన కాలంలో గురువయ్యాడు. లండన్‌లో 1610 డిసెంబర్ 10న ఉరితీసి, శరీరాన్ని ముక్కలు చేశారు. 1970లో పోపు ఆయన్ని పునీతుడిగా ప్రకటించాడు. ఇంత చిన్న ఊరికి ఇద్దరు, ఇద్దరూ లండన్ చట్టాల వల్లే పోయారు.

ఊరికి ఉత్తరాన తోమెన్ అ మీర్. ఇది రోమన్లు సుమారు క్రీ.శ. 78లో కట్టిన కోట. గోడలు పోయాయి, గట్లు మిగిలాయి. పక్కన ఒక చిన్న గుండ్రటి రంగస్థలం గుంట. సామ్రాజ్యం చిట్టచివరి మూలలో, వానలో తడుస్తూ కాపలా కాసే సైనికులకి ఇదో కాలక్షేపం కాబోలు. కోట మధ్యలో ఎత్తుగా కనిపించే మట్టిదిబ్బ మాత్రం రోమన్లది కాదు, వెయ్యేళ్ళ తర్వాత నార్మన్లు అదే చోట పోసుకున్నది. వెల్ష్ పురాణ కథల్లో ఈ చోటే ఒక రాజకుమారుడి నివాసం. హ్లై అని ఆయన పేరు. మనుషుల్లో పుట్టిన పిల్లని పెళ్ళాడకూడదని ఆయనకి తల్లి శాపం. దాంతో మాంత్రికులు పువ్వులతో ఒక అమ్మాయిని చేసి ఇస్తారు, బ్లొడైవెద్. ఆ అమ్మాయి ఇంకొకణ్ణి ప్రేమించి మొగుణ్ణి చంపించబోతుంది, చివరికి గుడ్లగూబ అయిపోతుంది. పువ్వులతో తయారుచేసి ఇవ్వమని ఆ అమ్మాయి అడిగిందా? ఆమెని ఒక్క మాట ఎవరూ అడగరు. కథ చదివినప్పుడల్లా నాకు ఇదే తోస్తుంది.

ఊరికి దక్షిణాన బ్రోనాబెర్. ఇప్పుడక్కడ చెక్క ఇళ్ళు, సెలవులకి అద్దెకిచ్చేవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ సైన్యం శిబిరం, కొండల మీద ఫిరంగుల సాధన. హేద్ విన్ ఫ్రాన్స్ వెళ్ళక ముందే ఈ ఊరికి ఫిరంగి చప్పుడు తెలుసు. రెండో యుద్ధం తర్వాత సైన్యం ఇంకా భూమి కావాలంటే, 1951లో వెల్ష్ జాతీయవాదులు వచ్చి శిబిరానికి వెళ్ళే దారి మీద బైఠాయించారు. చేతుల్లో ఏమీ లేకుండా. ఆ పద్ధతి ఎక్కడిదో మీకు చెప్పక్కర్లేదు.

తూర్పుగా కూమ్ ప్రసోర్ లోయ. ఇక్కడ రాతి కమానుల రైలువంతెన ఉంది, తొమ్మిది కమానులు. రైలు లేదు. బాలా నుంచి ఫెస్టీనియోగ్ వెళ్ళే లైను ఇది. నల్లకుర్చీ వచ్చిన ట్రౌస్ స్టేషన్ దీని మీదిదే. ప్రయాణికుల రైళ్ళు 1960 జనవరిలో ఆగిపోయాయి. కారణం తెలియాలంటే ఇదే లోయ వెంట బాలా వైపు పోవాలి. అక్కడ రోడ్డు పక్కనే పెద్ద చెరువు, హ్లిన్ కెలిన్. చాలా అందంగా ఉంటుంది. దాని అడుగున ఒక ఊరుంది, కాపెల్ కెలిన్. లివర్‌పూల్ నగరానికి నీళ్ళు కావాలి. పార్లమెంటులో బిల్లు పెట్టారు. వేల్స్ ఎంపీలు 36 మంది, ఒక్కరు కూడా అనుకూలంగా ఓటెయ్యలేదు. అయినా 1957లో బిల్లు పాసైంది. బడి, పోస్టాఫీసు, ప్రార్థనామందిరం, ఇళ్ళు, పొలాలు, లోయలో వెల్ష్ మాత్రమే మాట్లాడుకునే ఒక సమాజం, అన్నీ 1965 నాటికి నీళ్ళ కింద. రైలు లైనూ దీంట్లోనే పోయింది. 2005లో లివర్‌పూల్ కౌన్సిల్ క్షమాపణ చెప్పింది. వేల్స్‌లో గోడల మీద 'త్రవెరిన్‌ని గుర్తుంచుకోండి' అని ఎర్రరంగు మీద తెల్లగా రాసి ఉంటుంది చూశారా, ఆ త్రవెరిన్ ఈ లోయే. నాగార్జునసాగర్, శ్రీశైలం ముంపు ఊళ్ళవాళ్ళు ఈ వీడియో చూస్తుంటే, మీకు నేను వేరే వివరించనక్కర్లేదు. ఒక్క తేడా మాత్రం ఉంది. మన దగ్గర పొలాలకీ కరెంటుకీ మునిగాయి. ఇక్కడ వేరే దేశపు నగరం కుళాయిల కోసం మునిగింది.

ఉత్తరాన బ్లైనై ఫెస్టీనియోగ్ గురించి ఎక్కువ చెప్పను, దానికి వేరే వీడియో కావాలి. ఊరు చుట్టూ పలకరాయి ముక్కల గుట్టలు, అంతా బూడిదరంగు. పార్కు గీసినప్పుడు ఈ ఊరిని మధ్యలో చిల్లులా వదిలేశారు, అందంగా లేదని. 2021లో ఆ గనుల ప్రాంతాన్నే యునెస్కో ప్రపంచ వారసత్వమంది.

చివరిగా, అర్ అస్గూర్న్ నుంచి పడమరకి చూస్తే తప్పించుకోలేనిది. చెరువు, దాని ఒడ్డున రెండు పెద్ద బూడిదరంగు దిమ్మెలు. చెరువు సహజమైనది కాదు. మైన్‌టూరోగ్ జలవిద్యుత్ కేంద్రం కోసం 1920ల్లో కట్టింది, ఇళ్ళూ పొలాలూ దీని కిందా పోయాయి. అంటే హేద్ విన్ చూసిన దృశ్యంలో ఈ చెరువు లేదు. ఆ దిమ్మెలు అణు విద్యుత్ కేంద్రం. 1959లో పని మొదలు, 1965లో కరెంటు, 1991లో ఆగింది. బ్రిటన్‌లో సముద్రపు ఒడ్డున కాకుండా లోపల కట్టిన ఒకే ఒక్క అణు విద్యుత్ కేంద్రం ఇది, చల్లబరచడానికి చెరువు నీళ్ళే. అదీ నేషనల్ పార్కు లోపల! బాగుండాలని బాసిల్ స్పెన్స్ అనే పేరున్న ఆర్కిటెక్టుతో గీయించారు, యుద్ధంలో పోయిన కోవెంట్రీ చర్చిని కొత్తగా కట్టింది ఆయనే. చుట్టూ తోటల పని సిల్వియా క్రో చూసింది. ఎంత గొప్పవాళ్ళు గీసినా, రియాక్టర్ రియాక్టరే. కొందరికి అది కోటలా కనిపిస్తుందట. నాకు కనిపించలేదు.

ఇంకో విచిత్రం. 1986లో చెర్నోబిల్ పేలినప్పుడు, ఆ మేఘం ఉత్తర వేల్స్ కొండల మీద వానగా కురిసింది. రేడియోధార్మిక సీసియం గడ్డిలోకి, గడ్డి నుంచి గొర్రెల్లోకి. గొర్రెలు అమ్మాలంటే మీటరు పెట్టి కొలవాలి. ఆ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసింది 2012లో. ఇరవయ్యారేళ్ళు! పక్కనే అణు కేంద్రం పెట్టుకుని, ఎక్కడో ఉక్రెయిన్‌లో పేలిన దాని వల్ల నష్టపోయారు కొండ రైతులు.

ఇదంతా విని, పాపం అందరూ ఈ లోయని దోచుకున్నారు అని మీరు అనుకుంటే, నేను సగమే ఒప్పుకుంటాను. కాపెల్ కెలిన్ విషయంలో అది నిజం. అణు కేంద్రం విషయంలో లెక్క వేరు. గొర్రెల మీద బతకలేక, గనులు మూతపడుతున్న కాలంలో, ఇక్కడ కొన్ని వందల ఉద్యోగాలు అదే ఇచ్చింది. మంచి జీతాలు. పిల్లలు ఊరు వదలకుండా ఇక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. గ్వినెద్‌లో నూటికి 64 మంది ఇప్పటికీ వెల్ష్ మాట్లాడతారు, 2021 జనగణన లెక్క అది. వేల్స్ మొత్తం మీద చూస్తే నూటికి 18 మందే. పని దొరికితే మనుషులుంటారు, మనుషులుంటే భాష ఉంటుంది. రియాక్టర్లు ఆగి ముప్పయ్యేళ్ళు దాటినా కూల్చివేత పని ఇంకా నడుస్తూనే ఉంది, అదీ ఒక జీవనాధారమే. 2021లో వేల్స్ ప్రభుత్వం ఈ స్థలంలో కొత్తగా ఏం చెయ్యొచ్చో చూడమని ఎగినో అనే సంస్థని పెట్టింది, చిన్న రియాక్టర్ల మాట కూడా అందులో ఉంది. వద్దనేవాళ్ళకీ కావాలనేవాళ్ళకీ ఇద్దరికీ గట్టి కారణాలే ఉన్నాయి. పర్యావరణం గురించి మాట్లాడటం మనలాంటి వారాంతపు యాత్రికులకి తేలిక, సోమవారం మన ఉద్యోగం మనకుంటుంది కదా.

మీ ఊరి చుట్టుపక్కల ముంపులో పోయిన పల్లె ఏదైనా ఉంటే, దాని పేరు కింద రాయండి. వచ్చే వీడియోలో హ్లిన్ కెలిన్ పక్కనుంచి పోయే రోడ్డు పట్టుకుని బాలాకి వెళదాం. 1865లో కొంతమంది వెల్ష్‌వాళ్ళు ఓడెక్కి దక్షిణ అమెరికాలో పటగోనియాకి వలస పోయారు, అక్కడ వెల్ష్ ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ ఆలోచన వెనకున్న మైకేల్ జోన్స్ అనే మతాచార్యుడు బాలా కాలేజీలోనే పాఠాలు చెప్పేవాడు. ఆయన సంగతి అప్పుడు. ఉంటానండీ.